ఇన్‌చార్జి నిరంకుశుడు

సోమవారం ఉదయం పదీ పదికి గవరయ్య చేతికి ఆ ఫైలు వచ్చింది. గురువారం ఉదయం పదకొండు లోపల దాని మీద మూడు సంతకాలు పడాలి. చేతిలో ఉన్నవి మూడు రోజులు. ఎక్కాల్సినవి మూడు గుమ్మాలు. ఒక గుమ్మానికీ ఇంకో గుమ్మానికీ మధ్య దూరం ఇరవై అడుగులు.

పని అయ్యేలా లేదని గవరయ్యకు అప్పుడే తెలిసిపోయింది.

పొన్నాడ గవరయ్య ఉత్తర సాగర విశ్వవిద్యాలయంలో డిగ్రీ పట్టాల సెక్షనుకు సూపరింటెండెంటు. ముప్పై రెండేళ్ల సర్వీసు. ఆ ముప్పై రెండేళ్లలో ఎవరి మీదా గొంతు పెంచి ఎరగడు. ఫ్యాను ఆపమని చెప్పాల్సి వస్తే తనే లేచి వెళ్లి ఆపుకుంటాడు. సెక్షను ఊడ్చే తవిటమ్మను కూడా గారూ అనే పిలుస్తాడు.

ఫైలు కింతలి స్రవంతి అనే అమ్మాయిది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, డెబ్బై ఒక్క శాతం. సెలవులన్నీ జీడిపప్పు ఫ్యాక్టరీలో గుళ్లూ బద్దలూ వేరుచేస్తూ చదువుకుంది. గురుకుల కళాశాలలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. గురువారం పదకొండుకి పక్క జిల్లాలో సర్టిఫికెట్ల పరిశీలన. అసలు పట్టా చూపించలేకపోతే ఉద్యోగం జాబితాలో తర్వాతి మనిషికి వెళ్లిపోతుంది. పట్టా అచ్చయింది, సీలు పడింది, ఆ అమ్మాయి పేరు కూడా తప్పుల్లేకుండా పడింది. పరీక్షల కంట్రోలరు, రిజిస్ట్రారు, వైస్ చాన్సలరు సంతకాలు చేస్తే చాలు.

"గురువారం లోపల అయిపోద్దా సార్?" అని అడిగింది స్రవంతి.

"అవ్వాలమ్మా" అన్నాడు గవరయ్య. అవుతుందని మాత్రం అనలేదు.

నెల క్రితం వరకూ ఇలాంటి ఫైలు పొద్దున్న వెళ్లి మధ్యాహ్నం భోజనాలకి ముందే తిరిగొచ్చేది. ఆ నెలలోనే విశ్వవిద్యాలయానికి నాయకత్వం వచ్చింది.

నాణ్యతా పరిశీలన బృందం రాబోతోందనీ, "నాయకత్వ శైలుల వైవిధ్యం" అనే అంశానికి నలభై మార్కులు ఉన్నాయనీ తెలిసింది. వెంటనే నగరం నుంచి డాక్టర్ నిఖిలేశ్ అనే నాయకత్వ సలహాదారును పిలిపించారు. ఆయన అధికారులందరినీ సముద్రం ఒడ్డు హోటల్లో మూడు రోజులు కూర్చోబెట్టి అరవై ప్రశ్నల పత్రం ఇచ్చాడు. మునిగిపోతున్న పడవలో మీరు ముందు ఎవరిని చూసి నవ్వుతారు, అన్నది అందులో మొదటి ప్రశ్న. జవాబులను బట్టి ఒక్కో అధికారికి ఒక్కో శైలి తేల్చి, సర్టిఫికెట్టు ఇచ్చి, గది తలుపుకి ఇత్తడి పలక కొట్టించాడు. మర్నాడే సర్క్యులర్ వచ్చింది.

"అధికారులు తమకు నిర్ధారింపబడిన నాయకత్వ శైలికి లోబడి మాత్రమే ఫైళ్లను పరిష్కరింపవలెను. శైలీ ఉల్లంఘన క్రమశిక్షణ చర్యకు పాత్రమగును."

ఫైనాన్సు ఆఫీసరుకి "జోక్యం చేసుకోని నాయకత్వం" అని వచ్చింది. ఆ రోజు నుంచి ఆయన ఎవరికీ కనపడలేదు. అందరికంటే ఆయనే శైలిని చక్కగా పాటిస్తున్నాడని సలహాదారు మెచ్చుకున్నాడు.

గవరయ్య ముందు రిజిస్ట్రారు గదికి వెళ్లాడు. తలుపు మీద "సేవక నాయకత్వం" అని ఉంది. రిజిస్ట్రారు ఆచార్య కరుణాకరం గబుక్కున లేచి, గవరయ్యను రెండు భుజాలూ పట్టుకుని తన కుర్చీలో కూర్చోబెట్టాడు. ఫ్లాస్కులోంచి టీ పోశాడు. గవరయ్య ముఖం మీది కళ్లజోడు తీసి, అద్దాలు తన కండువాతో తుడిచి, మళ్లీ పెట్టాడు.

"చెప్పండి. మీకు నేనేం చేయగలను?"

"ఇక్కడ ఒక సంతకం చేయగలరండి."

"అది తప్ప ఇంకేదైనా" అన్నాడు కరుణాకరం.

సంతకం పెట్టేవాడు పైనుంటాడట, పెట్టించుకునేవాడు కింద ఉంటాడట. తను కింద ఉండాలని సర్టిఫికెట్టు వచ్చాక పైకి ఎక్కితే ఉల్లంఘన అవుతుందట. కావాలంటే ఫైలు మోసిపెడతానన్నాడు. అన్నట్టే ఫైలు నెత్తిన పెట్టుకుని కారిడారంతా నడిచి, కంట్రోలరు బల్ల మీద దించి, గవరయ్యకు దణ్ణం పెట్టి వెళ్లాడు. సోమవారం అలా గడిచిపోయింది.

మంగళవారం. కంట్రోలరు ఆచార్య బలరామమూర్తి గది తలుపు మీద "ప్రజాస్వామిక నాయకత్వం" అని ఉంది. గవరయ్య వెళ్లేసరికి ప్రశ్నపత్రాలు పెట్టే ఇనపపెట్టెకి పైన కన్నం చేయిస్తున్నారు. అది బ్యాలెట్ పెట్టె. "కింతలి స్రవంతి ఎమ్మెస్సీ ఉత్తీర్ణురాలైనదని ఈ విభాగం భావించుచున్నదా?" అన్న తీర్మానం మీద పదకొండున్నరకు ఓటింగు.

గవరయ్య చేతులు కట్టుకుని, ఆ అమ్మాయికి మార్కులు వచ్చేశాయి కదండీ అని గుర్తు చేశాడు.

"మార్కులు ఒక్కరే వేస్తారు గవరయ్య గారూ. అది వ్యక్తిగత అభిప్రాయం. మనది వ్యవస్థ."

విభాగంలో పద్దెనిమిది మంది సిబ్బంది ఓటేశారు. తొమ్మిది అవును, తొమ్మిది కాదు. కాదన్నవాళ్లకి ఆ అమ్మాయి ఎవరో తెలీదు. తెలియని విషయంలో అవుననడం బాధ్యతారాహిత్యమని వాళ్ల వాదన. చివరికి కారిడారు ఊడుస్తున్న తవిటమ్మను పిలిచి చీటీ చేతికిచ్చారు.

"ఇదేటి బాబూ? ఆ పిల్ల సదివింది, రాసింది, పాసయిపోనాది. ఇంకేటి కావాల మీకు?" అంది తవిటమ్మ.

అభిప్రాయం బయటికి చెప్పి రహస్య ఓటింగు నియమాన్ని భంగపరిచినందుకు ఆమె ఓటు చెల్లలేదు. రెండు వర్గాల మధ్య చర్చలు మొదలయ్యాయి. మధ్యాహ్నం మూడున్నరకు రాజీ కుదిరింది. ఫస్ట్ క్లాసు అన్నవాళ్ల మాటా, ఫెయిలు అన్నవాళ్ల మాటా పోకుండా స్రవంతికి సెకండ్ క్లాసు ఇవ్వాలని తీర్మానించారు. ఫస్ట్ క్లాసు అని అచ్చయిన పట్టా మీద సంతకం చేస్తే మెజారిటీని అవమానించినట్టవుతుందని బలరామమూర్తి కలం జేబులో పెట్టేసుకున్నాడు.

బుధవారం తొమ్మిదిన్నరకే గవరయ్య వైస్ చాన్సలరు గదిలో ఉన్నాడు. "దార్శనిక నాయకత్వం." ఆచార్య పరంధామరావు కుర్చీని కిటికీ వైపు తిప్పించుకుని సముద్రంలోకి చూస్తున్నాడు. బల్ల మీద కాగితం ముక్క లేదు. దగ్గరివి కనపడితే దూరపు చూపు చెడుతుందని తీయించేశాడు.

"ఏ సంవత్సరం ఫైలు?" అని అడిగాడు, తల తిప్పకుండానే.

"ఈ సంవత్సరానిదేనండి."

"అయ్యో" అన్నాడు పరంధామరావు. నిజంగానే బాధపడ్డాడు.

ముప్పై అయిదేళ్ల అవతల ఉన్నవి తప్ప తను చూడకూడదట. కానీ దయగల మనిషి, వట్టి చేతుల్తో పంపలేదు. స్టెనోను పిలిచి, స్రవంతి పదవీ విరమణ చేసే రోజుకు అభినందన సందేశం చెప్పి రాయించాడు. మచ్చలేని సేవ, మరువలేని ఉపాధ్యాయిని అని పొగిడి, ముప్పై అయిదేళ్ల తర్వాతి తేదీ వేసి, కింద పొడుగాటి సంతకం చేశాడు.

వరండాలో స్రవంతి ఎదురుచూస్తోంది. గవరయ్య చేతిలో కాగితం తీసుకుని చదివింది. రెండోసారి కూడా చదివింది.

"సార్, నేను ఉద్యోగంలో చేరకుండానే రిటైరయిపోయానా?"

గవరయ్య కాగితం వెనక్కి తీసుకుని ఫైల్లో పెట్టాడు. సర్వీసులో మొదటిసారి ఆయనకు కోపం లాంటిదేదో వచ్చింది. పొద్దున్న తిన్న పెసరట్టు అనుకున్నాడు.

పదకొండు గంటలకు కమిటీ హాల్లో అత్యవసర సమావేశం. ఫైళ్లు అందించడానికి గవరయ్య గోడవారగా కూర్చున్నాడు. సలహాదారు నిఖిలేశ్ తెర మీద పట్టిక చూపించాడు. శైలులు అయిదు. నాలుగు నిండాయి. ఒక్క గడి ఖాళీ. నిరంకుశ నాయకత్వం. అరవై ప్రశ్నల్లోనూ ఎవరూ నిరంకుశులమని ఒప్పుకోలేదు. ఆ గడి నిండకపోతే నలభై మార్కుల్లో ఎనిమిది పోతాయి.

నిరంకుశుడు అనిపించుకోవడానికి ఎవరు ముందుకొస్తారు? పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాలు ఇలాంటి చోటే చిక్కుకుపోతాయి. ఉత్తర సాగర విశ్వవిద్యాలయం చిక్కుకోలేదు. అక్కడ ఏ పోస్టు ఖాళీ అయినా చేసేది ఒక్కటే. లైబ్రేరియన్ లేనప్పుడు తోటల సూపర్వైజరుకు ఇచ్చారు. వైద్యాధికారి లేనప్పుడు జంతుశాస్త్రం హెడ్డుకు ఇచ్చారు. రిజిస్ట్రారు కరుణాకరం వినయంగా లేచి సీనియారిటీ జాబితా తెప్పించాడు.

"ఖాళీ ఉన్నది కనుక పూర్తి అదనపు బాధ్యతలు అప్పగింపవచ్చును" అన్నాడు. "ఇప్పటికే శైలి ఉన్నవారిని మినహాయించగా, ఈ హాల్లో సర్వీసు ఎక్కువగా ఉన్నది గవరయ్య గారికి."

గవరయ్య లేచి నిలబడ్డాడు. తనకి అలవాటు లేదండీ అన్నాడు. ఇన్‌చార్జి బాధ్యతలకు అలవాటు అవసరం లేదన్నారు. పన్నెండు గంటలకల్లా ఉత్తర్వు చేతికొచ్చింది. "శ్రీ పొన్నాడ గవరయ్య, సూపరింటెండెంటు, తన సాధారణ విధులకు భంగము లేకుండా, తదుపరి ఉత్తర్వులు వెలువడువరకు నిరంకుశునిగా వ్యవహరింపవలెను." భోజనాల వేళకి ఇత్తడి పలక కూడా వచ్చింది. "నిరంకుశుడు" అని పెద్దక్షరాలు, కింద "ఇన్‌చార్జి" అని చిన్నక్షరాలు.

తవిటమ్మ చీపురు పట్టుకుని పలక ముందు ఆగింది. "ఏటి రాసేరు బాబూ ఇందులో?"

తను చెప్పినట్టే అందరూ చెయ్యాలట అని గవరయ్య సిగ్గుపడుతూ చెప్పాడు.

"అందరూ అంటే? ఆ పెద్ద బాబులు కూడానా?"

"అందరూనట తవిటమ్మ గారూ."

"మరైతే కూకుంటారేటి? ఆ పిల్ల పొద్దుట్నించీ మెట్ల మీదే ఉండిపోనాది."

గవరయ్య తెల్లకాగితం తీశాడు. గౌరవనీయులైన అధికారుల దివ్యసముఖమునకు అని మొదలుపెట్టి, వీలు చూసుకుని సంతకం చేయగలందులకు ప్రార్థన అని ముగించాడు. పావుగంటలో కాగితం తిరిగొచ్చింది. ప్రార్థించడం నిరంకుశ శైలికి విరుద్ధమనీ, ఇది మొదటి తప్పుగా మన్నిస్తున్నామనీ నిఖిలేశ్ ఎర్రసిరాతో రాశాడు. గవరయ్య ఇంకో కాగితం తీశాడు. చాలాసేపు ఆలోచించాడు. చివరికి రెండే మాటలు రాశాడు.

"సంతకం చెయ్యండి."

ఇరవై నిమిషాల్లో మూడూ పడ్డాయి. సేవకుడు ఆజ్ఞను కాదనకూడదు కనుక కరుణాకరం చేశాడు. ప్రజాస్వామ్యం రద్దయినట్టు భావించి బలరామమూర్తి చేశాడు. ముప్పై అయిదేళ్ల తర్వాత చూస్తే ఈ సంతకం ఎప్పుడో అయిపోయినట్టు కనపడుతోందని పరంధామరావు చేశాడు. ముగ్గురి ముఖాల్లోనూ నెలరోజుల తర్వాత స్నానం చేసినంత తెరిపి. స్రవంతి పట్టాను రెండు చేతుల్తో అందుకుని, గవరయ్య కాళ్లకి వంగబోయి, ఆయన వెనక్కి జరిగిపోవడంతో గోడకి దణ్ణం పెట్టి, నాలుగింటి బస్సుకి పరుగెత్తింది.

కథ అక్కడ ముగిసిపోవాలి. ముగియలేదు. నిఖిలేశ్ దగ్గర ఇంకో ఫారం ఉంది.

సంతకం చేసేటప్పుడు మీకు కలిగిన అనుభూతిని ఒక్క మాటలో రాయండి, అని ఆ సాయంత్రమే ముగ్గురు అధికారులకూ పంచాడు. ముగ్గురూ ఒకటే మాట రాశారు. "హాయి."

గురువారం ఉదయం పది గంటలకు గవరయ్యను కమిటీ హాల్లోకి పిలిచారు. ముగ్గురు అధికారులు ఒక వరసలో, ఎదురుగా నిఖిలేశ్.

అతను చాలా గంభీరంగా వివరించాడు. నిరంకుశుడికి భయపడి సంతకం చేసి ఉంటే ఎవరి శైలీ చెడలేదు, పట్టా చెల్లుతుంది. ఇష్టపడి చేసి ఉంటే ముగ్గురూ తమ తమ శైలుల్ని ఉల్లంఘించినట్టు, పట్టా చెల్లదు. హాయిగా ఉందంటే ఇష్టమనే అనుమానించాలి. అందుకని విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో స్రవంతి పట్టా నెంబరు ఎదురుగా "శైలీ విచారణలో ఉన్నది" అని పెట్టించాడు.

గవరయ్య గోడ గడియారం చూశాడు. పదీ పది.

"మీరు వీరిని భయపెట్టారా?" అని నిఖిలేశ్ అడిగాడు. "ఆలోచించి చెప్పండి. పై అధికారుల్ని భయపెట్టడం సస్పెన్షనుకు అర్హమైన నేరం."

"భయపెట్టానండి" అన్నాడు గవరయ్య. ఆలోచించలేదు.

కానీ భయపడినట్టు వాళ్లు కూడా ఒప్పుకోవాలి. అక్కడ పడింది పీటముడి. ఒక సూపరింటెండెంటుకి భయపడ్డానని ఏ ఆచార్యుడు రాసిస్తాడు? తను సేవ చేశాడు తప్ప భయపడలేదన్నాడు కరుణాకరం. తను భయపడ్డాడో లేదో తేల్చడానికి ఓటింగు పెడదామన్నాడు బలరామమూర్తి. తను భయపడబోతున్నాడు కానీ ఇంకా భయపడలేదన్నాడు పరంధామరావు. పదీ నలభై అయింది. నిఖిలేశ్ గడ్డం గోక్కుని, ఒకటే దారి ఉందన్నాడు.

"ఎలా భయపెట్టారో ఇప్పుడు ఒకసారి చేసి చూపించండి."

గవరయ్య లేచాడు. గొంతు సవరించుకున్నాడు. "అయ్యా..." అన్నాడు. నిఖిలేశ్ తల అడ్డంగా ఊపి ఏదో రాసుకున్నాడు. "ఏమండీ..." అన్నాడు. మళ్లీ రాసుకున్నాడు. చెమట కారుతోంది. ఇంకోసారి నోరు తెరిచేలోపు ఆయన జేబులో ఫోను మోగింది.

"సార్, నేను స్రవంతిని." ఆ అమ్మాయి ఏడవడం లేదు. మెల్లగా, వివరంగా చెబుతోంది, అది ఇంకా కష్టంగా ఉంది. "ఇక్కడి సార్ నా పట్టా పక్కన పెట్టేశారు. కంప్యూటర్లో విచారణ అని వస్తోందట. పదకొండు వరకే చూస్తారట సార్. నా తర్వాతి అమ్మాయిని లోపలికి రమ్మన్నారు."

గవరయ్య ఫోను ఆపకుండానే బల్ల మీద పెట్టాడు. పదీ యాభై రెండు.

"కూర్చోండి" అన్నాడు.

ఆ గొంతు ఎవరిదో ఆయనకే తెలియలేదు. కిటికీ అద్దాలు గణగణమన్నాయి. అధికారులు అప్పటికే కూర్చుని ఉన్నారు. అందుకని గబుక్కున లేచి నిలబడి, మళ్లీ కూర్చున్నారు.

"కలాలు తియ్యండి. భయపడ్డామని రాయండి. సంతకం పెట్టండి."

కరుణాకరం రాసేశాడు. బలరామమూర్తి పక్కవాళ్ల వైపు చూడను కూడా చూడకుండా రాసేశాడు. పరంధామరావు కలం కదలకపోతే స్టాంపు ప్యాడులో బొటనవేలు ముంచి వేలిముద్ర వేశాడు. అడగకపోయినా నిఖిలేశ్ కూడా రాశాడు. అతని కాగితం మీద భయపడ్డాను అని మూడుసార్లు ఉంది.

"ఆ కంప్యూటర్లో ఉన్నది తీయించు."

నిఖిలేశ్ పరుగెత్తాడు. పదీ యాభై ఏడుకి విచారణ అన్న మాట పోయి, చెల్లును అన్న మాట వచ్చింది. ఫోనులో అవతల కుర్చీలు జరుగుతున్న చప్పుడు, ఎవరో పేరు పిలుస్తున్న చప్పుడు. తర్వాత స్రవంతి గొంతు వినపడింది.

"తీసుకున్నారు సార్. సోమవారం చేరమన్నారు."

గవరయ్య కూర్చున్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

మధ్యాహ్నానికి నిఖిలేశ్ నివేదిక తయారైంది. భయం సాక్ష్యాధారాలతో రుజువైంది. పట్టా చెల్లింది. నిరంకుశ నాయకత్వానికి ఎనిమిదికి ఎనిమిది మార్కులు వచ్చే అవకాశం ఉంది. అయితే భయం రుజువైంది కనుక భయపెట్టిన నేరం కూడా రుజువైనట్టే. మూడింటికి గవరయ్య సస్పెన్షను ఉత్తర్వు టైపు చేసి, కమిటీ హాల్లో ఆయన ఎదుటే సంతకాలకి పెట్టారు.

ముగ్గురూ కలాలు తీశారు. ఎవరూ పెట్టలేదు. కాసేపు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని, ఆ తర్వాత గవరయ్య ముఖం చూశారు.

"పెట్టమంటారా అండీ?" అని అడిగాడు రిజిస్ట్రారు.

గవరయ్య ఉత్తర్వు తీసుకుని మొత్తం చదివాడు. సర్వీసు నియమం నెంబరు తప్పుపడింది, దిద్దాడు. కాగితం పక్కన పెట్టి, సెక్షనులో ఇంకా నలభై రెండు పట్టాలున్నాయి, ముందు అవి తెమ్మన్నాడు. రిజిస్ట్రారే వెళ్లి మోసుకొచ్చాడు. పట్టా తర్వాత పట్టా మూడు కలాల కింద నుంచి జరుగుతూ పోయింది. ఓటింగు జరగలేదు. ఎవరూ సముద్రం వైపు చూడలేదు. నాలుగున్నరకి నలభై రెండూ అయిపోయాయి.

బల్ల మీద ఇంకొక్క కాగితం మిగిలింది. టైపయి, దిద్ది, సిద్ధంగా ఉన్న కాగితాన్ని రేపటికి ఆపడం గవరయ్య సెక్షనులో ఎన్నడూ లేదు.

"ఇది కూడా పెట్టండి" అన్నాడు.

పెట్టారు. గవరయ్య తన ప్రతి తీసుకుని, అందినట్టు తేదీతో సహా రాసిచ్చి, ముగ్గురికీ నమస్కారం చేసి, బయటికి నడిచాడు. ఆ అడుగుల చప్పుడు మెట్లు దిగి వినపడకుండా పోయింది.

ముగ్గురూ చేతుల్లో కలాలతో అలాగే కూర్చున్నారు. అయిదయింది. అయిదున్నర అయింది. కార్యాలయం ఖాళీ అయిపోయింది. ఇళ్లకు వెళ్లమని వాళ్లతో ఎవరూ అనలేదు.

తవిటమ్మ చీపురు పట్టుకుని లోపలికొచ్చి, ముగ్గురినీ ఎగాదిగా చూసింది.

"లెగండి బాబూ, తుడుసుకోవాల."

లేచారు.